చేతిలో ఫోను – ఇంటి గుట్టు

‘గుట్టు’ అనే తెలుగు మాటలో రహస్యం అనే అర్థంతో పాటు పరువు, మర్యాద అనే అర్థచ్ఛాయలు కూడా ఉన్నాయి. గుట్టుగా బతికే కుటుంబం అంటే ఏదో తప్పు చేసి దాచుకొనే కుటుంబమని కాదు. తన కష్టసుఖాలను తన గడప దాటనీయని కుటుంబమని. ధనం, ఇంటిలోని లోపాలు, వాడే మందులు, పొందిన అవమానం మొదలైన తొమ్మిది విషయాలను పైకి చెప్పుకోరాదని మన నీతికారులు నియమం చేశారు. అర్థశాస్త్రకర్త కౌటిల్యుడు ఇంకా ముందుకు వెళ్లి, రాజు మంత్రాలోచన జరిపే చోట చిలుకలు, గోరువంకలు కూడా ఉండరాదన్నాడు. పక్షులు విన్నది విన్నట్లు పలికి రాజరహస్యాలను బయటపెట్టిన సందర్భాలు ఉన్నాయట!

నేడు ప్రతి విద్యార్థి చేతిలోనూ అటువంటి చిలుక ఒకటి ఉన్నది. తన యజమాని ఏ వేళకు నిద్ర లేచాడో, ఏ దారిన కళాశాలకు వెళ్లాడో, ఏ జబ్బు లక్షణాలను గురించి వెతికాడో, ఎవరికి ఎంత సొమ్ము పంపాడో స్మార్ట్‌ఫోనుకు తెలుసు. తెలియడం దోషం కాదు. కొంత తెలియకపోతే అది పని చేయనే చేయలేదు. తెలిసిన సంగతిని అది ఎవరి చెవిన వేస్తున్నది అన్నదే ఆలోచించవలసిన విషయం.

2013లో అమెరికాలో బయటపడిన ఒక ఉదంతం దీనికి మంచి నిదర్శనం. ‘బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్’ అనే యాప్ ఫోనును టార్చిలైటుగా మార్చేది. కోట్ల మంది దానిని ఉచితంగా దించుకున్నారు. దీపం వెలిగించడానికి ఫోను ఏ ఊళ్లో ఉన్నదో తెలియనక్కరలేదు. అయినా ఆ యాప్ వాడేవారి స్థానాన్ని, ఫోను గుర్తింపు సంఖ్యను ప్రకటనల సంస్థలకు చేరవేసింది. వినియోగదారు షరతులను అంగీకరిస్తున్నాడో లేదో చెప్పకముందే ఈ సమాచారం వెళ్లిపోయేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. వెలుతురు చూపిన దీపమే ఇంటివారి ఆచూకీ బయటపెట్టిందన్నమాట.

ఉచితంగా లభించే యాప్‌ల వెనుక ఉన్న వ్యాపారసూత్రం చాలావరకు ఇదే. యాప్ తయారుచేయడానికి, నడపడానికి ఖర్చు అవుతుంది. ఆ ఖర్చును వాడేవాడు ఇవ్వకపోతే వేరెవరో ఇవ్వాలి. ఆ వేరెవరు సాధారణంగా ప్రకటనకర్త. ఎవరికి ఏ వస్తువుపై మనసున్నదో తెలిసిన ప్రకటనకు ఎక్కువ ధర పలుకుతుంది. కనుక మనుషుల అలవాట్లను గమనించడమే ఒక పరిశ్రమగా మారింది.

‘నా దగ్గర దాచుకోవలసినది ఏమున్నది?’ అని చాలామంది యువకులు అంటూ ఉంటారు. 2020 డిసెంబరులో తెలంగాణలో జరిగిన సంఘటనలు దీనికి సమాధానం చెప్పాయి. చిటికెలో అప్పు ఇస్తామంటూ వచ్చిన కొన్ని యాప్‌లు, ఫోనులోని పేర్ల పట్టికను, ఫొటోలను చూడడానికి అనుమతి కోరేవి. అవసరంలో ఉన్నవారు ఆలోచించక ‘సరే’ అని నొక్కేవారు. వాయిదా తప్పిన మరుక్షణం వసూలు సిబ్బంది ఆ పట్టికలోని బంధువులకు, స్నేహితులకు, తోటి ఉద్యోగులకు ఫోన్లు చేసి, అప్పు తీసుకున్న వ్యక్తిని దొంగ అని చాటేవారు. ఆ అవమానం భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు నమోదు చేసి, ఆ వసూలు కేంద్రాలపై దాడులు జరిపారు. రుణ యాప్‌లు ఫోనులోని పేర్ల పట్టికను, కాల్ వివరాలను, ఫైళ్లను ముట్టుకోరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఆదేశించింది. ఈ ఉదంతంలో గమనించవలసిన విషయం మరొకటి ఉంది. అప్పు చేసినవాడు ఒకడు. ఫోను నంబరు బయటపడినవారు వందలమంది. వారెవరూ ఏ షరతుకూ అంగీకరించలేదు. ఒకడి ఫోనులో ఉన్నది అతడి గుట్టు ఒక్కటే కాదు.

భారత సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న జస్టిస్ పుట్టస్వామి కేసులో తీర్పు చెబుతూ, వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కులలో భాగమని ఏకగ్రీవంగా ప్రకటించింది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని చేసింది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. ముఖ్యమైన నిబంధనల అమలుకు అప్పటినుంచి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. ఈ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారు బాలలే. అంటే జూనియర్ కళాశాల విద్యార్థులలో అత్యధికులు ఈ కోవలోకే వస్తారు. వారి ప్రవర్తనను వెంటాడి గమనించడాన్ని, దాని ఆధారంగా వారికి ప్రకటనలు గురిపెట్టడాన్ని చట్టం నిషేధించింది. చట్టం మంచిదే, కాని ఫోనులో ఏ యాప్ ఉండాలో చట్టం వచ్చి ఎంచిపెట్టదు. ఆ పని ఎవరికి వారే చేసుకోవాలి.

ఎంచుకోవడం ఎలా? మొదట చూడవలసినది యాప్‌కు ఆదాయం ఎక్కడినుంచి వస్తున్నది అన్న విషయం. తరువాత అది కోరే అనుమతులు. లెక్కలు చేసే యాప్ మైకును, గోడగడియారం యాప్ పేర్ల పట్టికను అడిగితే సందేహించవలసిందే. ఆండ్రాయిడ్‌లో 2015 నాటి ఆరవ సంచిక మొదలుకొని ఒక్కొక్క అనుమతిని విడివిడిగా నిరాకరించే వీలు కలిగింది. ఐఫోనులో 2021 ఏప్రిల్ నుంచి, ఇతర యాప్‌లలో మన జాడను వెంబడించడానికి ముందుగా అనుమతి అడగవలసి వచ్చింది. గూగుల్ ప్లే స్టోరులో 2022 నుంచి ప్రతి యాప్ పుటలోనూ అది సేకరించే సమాచారపు వివరం కనిపిస్తున్నది. అయితే ఆ వివరాన్ని రాసి ఇచ్చేది యాప్ తయారీదారే అన్న సంగతి మరువరాదు. ఫ్రాన్సుకు చెందిన ఎక్సోడస్ ప్రైవసీ అనే స్వచ్ఛంద సంస్థ ఆండ్రాయిడ్ యాప్‌లను విప్పి చూసి, ఏ యాప్‌లో జాడ తీసే పరికరాలు ఎన్ని పొదిగి ఉన్నాయో లెక్క చెబుతుంది. యాప్ మూలసంకేతం, అంటే సోర్స్ కోడ్, అందరికీ తెరచి ఉంటే నిపుణులు దానిని పరీక్షించగలరు. అటువంటి యాప్‌లను మాత్రమే చేర్చి ఉంచే భాండారం ఎఫ్-డ్రాయిడ్. అది 2010 నుంచి నడుస్తున్నది. ఊరూపేరూ లేని లింకులనుంచి యాప్‌లు దించుకోవడం మాత్రం ఏ పరిస్థితిలోనూ పనికిరాదు. గోప్యత కోసమని అటువంటివి దించుకుంటే పెనం మీదినుంచి పొయ్యిలో పడినట్లే అవుతుంది.

సందేశాల విషయాన్ని కొంత విపులంగా పరిశీలించాలి. మన దేశంలో సందేశమంటేనే వాట్సాప్ అన్నట్లు వాడుక స్థిరపడింది. దానిని 2009లో యాన్ కూమ్, బ్రయాన్ యాక్టన్ అనే ఇద్దరు మిత్రులు స్థాపించారు. కూమ్ బాల్యం సోవియట్ పాలనలోని ఉక్రెయిన్‌లో గడిచింది. ఫోనులో మనసువిప్పి మాట్లాడడానికి జనం జంకే రోజులవి. 2014లో ఫేస్‌బుక్ సుమారు 1,900 కోట్ల డాలర్లకు వాట్సాప్‌ను కొనడానికి ఒప్పందం కుదుర్చుకున్నది. 2016 ఏప్రిల్ నాటికి వాట్సాప్ సందేశాలన్నిటికీ ఈ కొసనుంచి ఆ కొస వరకు గూఢలిపి రక్షణ ఏర్పడింది. పంపినవాడి ఫోనులో తాళం పడిన సందేశం అందుకొనేవాడి ఫోనులోనే తెరచుకుంటుంది. నడుమ సంస్థ కూడా చదవలేదు. అదే సంవత్సరం ఆగస్టులో, వాడేవారి ఫోను నంబర్లు మొదలైన ఖాతా వివరాలను ఫేస్‌బుక్‌తో పంచుకుంటామని సంస్థ ప్రకటించింది. 2021 జనవరిలో మారిన షరతులు వచ్చినప్పుడు దేశమంతటా కలకలం చెలరేగింది. ఆ షరతుల విషయమై భారత పోటీ కమిషన్ 2024 నవంబరులో మెటా సంస్థకు 213.14 కోట్ల రూపాయల జరిమానా విధించింది. సంస్థ దానిపై అప్పీలుకు వెళ్లింది.

సందేశానికి తాళం ఉన్నప్పుడు ఇక ఇబ్బంది ఏమిటని అడగవచ్చు. అంటించిన కవరులోని ఉత్తరాన్ని తపాలా బంట్రోతు చదవడు. కాని ఎవరినుంచి ఎవరికి, ఏ తేదీన, నెలకు ఎన్నిసార్లు ఉత్తరాలు వెళ్తున్నవో అతడికి తెలుసు. ఒక అమ్మాయి రోజూ రాత్రి ఒకే నంబరుకు సందేశాలు పంపుతున్నది అన్న ఒక్క వివరం చాలదా, ఊరు కథ అల్లుకోవడానికి? ఈ ‘కవరు మీది రాత’ను ఎంత తక్కువగా దాచిపెడితే ఆ యాప్ అంత మేలైనది.

ఈ గీటురాయి మీద నిలిచినది సిగ్నల్. వాట్సాప్ వాడుతున్న గూఢలిపి పద్ధతి కూడా మొదట సిగ్నల్ నిర్మాతలు రూపొందించినదే. వాట్సాప్ స్థాపకులలో ఒకడైన యాక్టన్ 2017లో ఫేస్‌బుక్‌ను విడిచి, మరుసటి సంవత్సరం 5 కోట్ల డాలర్లతో సిగ్నల్ ఫౌండేషన్‌కు పునాది వేయడం విశేషం. ఇది లాభాపేక్ష లేని సంస్థ, విరాళాలతో నడుస్తుంది, ప్రకటనలు ఉండవు. 2016లో అమెరికాలోని వర్జీనియాలో ఒక నేరపరిశోధనకు సంబంధించి ఖాతా వివరాలు ఇమ్మని సిగ్నల్‌కు ఉత్తరువు వచ్చింది. ఖాతా ఏనాడు తెరిచారు, చివరిసారి ఏనాడు అనుసంధానమయింది అన్న రెండు సంగతులు తప్ప ఇవ్వడానికి ఆ సంస్థ దగ్గర మరేమీ లేకపోయింది. దాచని వస్తువును ఎవరూ దోచుకోలేరు, ఎవరూ జప్తు చేయలేరు. అయితే సిగ్నల్‌లో చేరడానికి ఫోను నంబరు ఇవ్వక తప్పదు. ఆ నంబరు ఎదుటివారికి కనబడకుండా వేరొక పేరు పెట్టుకొనే సౌకర్యం 2024 ఫిబ్రవరిలో వచ్చింది.

2021 కలకలంలో టెలిగ్రామ్‌కు మారినవారు కూడా చాలామందే. ఇక్కడ ఒక భ్రమ ఉన్నది. టెలిగ్రామ్‌లోని మామూలు సంభాషణలకు కొసనుంచి కొసకు తాళం ఉండదు. అవి ఆ సంస్థ సర్వర్లలో నిలువ ఉంటాయి. ‘రహస్య సంభాషణ’ను ప్రత్యేకంగా ఎంచుకుంటేనే ఆ రక్షణ, అదీ ఇద్దరి మధ్యనే. బృందాలకు అది వర్తించదు. గోప్యత కోరి వాట్సాప్‌ను వదిలి టెలిగ్రామ్‌లో మామూలు సంభాషణలు జరిపినవారు, ఉన్న తాళాన్ని కూడా పోగొట్టుకున్నారు. పేరు మారినంతనే గుణం మారదు.

అందరూ వాట్సాప్‌లోనే ఉన్నప్పుడు ఒక్కరు వెళ్లి ఏం లాభం అన్న మాట తేలికగా కొట్టివేయదగినది కాదు. కళాశాల ప్రకటనలు, తరగతి నోట్సు, ఊళ్లో ఉన్న అమ్మానాన్నల పలకరింపులు అన్నీ అక్కడే. అక్కడ ఉంటూనే, గుట్టుగా ఉండవలసిన మాటలకు మాత్రం సిగ్నల్‌ను వాడుకోవడం ఆచరణకు అందే మార్గం. వాట్సాప్‌లో సందేశాల నకలు గూగుల్ డ్రైవ్‌లో భద్రమయ్యేటప్పుడు దానికి కూడా తాళం వేసే సౌకర్యం 2021 అక్టోబరునుంచి ఉన్నది. అది దానంతటది పని చేయదు. వాడేవారే సెట్టింగులలో దానిని ఆరంభించాలి. ఈ చిన్న పని చేయనివారే ఎక్కువ.

వెతుకులాట సంగతి. మనిషి తల్లిదండ్రులను అడగలేనిది, వైద్యుడికి చెప్పలేనిది వెతుకుపెట్టెలో టైపు చేస్తాడు. గాబ్రియేల్ వైన్‌బర్గ్ 2008లో ఆరంభించిన డక్‌డక్‌గో అనే శోధనయంత్రం, వెతికినవాడి చరిత్రను పోగుచేయకుండా, ఆ క్షణంలో వెతికిన మాటను బట్టి మాత్రమే ప్రకటన చూపుతుంది. చెప్పుల కోసం వెతికితే చెప్పుల ప్రకటన వస్తుంది. అది వారం రోజులు వెంటపడదు. ఇంతటి సంస్థ బ్రౌజరు కూడా మైక్రోసాఫ్ట్‌తో ఉన్న ఒప్పందం వల్ల ఆ సంస్థ జాడతీత పరికరాలను కొన్నిటిని అడ్డుకోవడం లేదని 2022 మేలో ఒక పరిశోధకుడు బయటపెట్టాడు. ఆగస్టులో సంస్థ ఆ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది. తెలుగులో వెతికేవారికి గూగుల్ ఫలితాలే ఎక్కువ సంతృప్తినిస్తున్నాయన్నదీ ఒప్పుకోవలసిన మాటే. బ్రౌజర్లలో మోజిల్లా వారి ఫైర్‌ఫాక్స్ జాడతీతను మొదటినుంచే కొంతవరకు అడ్డుకుంటుంది. ప్రకటనలను నిరోధించే ‘యుబ్లాక్ ఆరిజిన్’ను ఆండ్రాయిడ్ ఫోనులో కూడా దానికి జోడించుకోవచ్చు. క్రోమ్ బ్రౌజరులోని ‘ఇన్‌కాగ్నిటో’ కిటికీని మాత్రం అదృశ్యాంజనంగా భావించరాదు. అది మన చరిత్రను మన ఫోనునుంచి తుడుస్తుందే తప్ప బయటివారి కళ్లు మూయదు. ఈ వివాదంలో 2024లో గూగుల్ కోట్లకొలది సమాచార పత్రాలను ధ్వంసం చేయడానికి అంగీకరించింది.

దారి చూపే పటాలు మనిషి తిరిగిన దారిని గుర్తుంచుకుంటాయి కూడా. స్థానచరిత్రను ఆపివేసినా గూగుల్ స్థానాన్ని నమోదు చేస్తున్నదని 2018లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ వెల్లడించింది. అమెరికాలోని 40 రాష్ట్రాలతో 2022లో కుదిరిన రాజీలో గూగుల్ 39.15 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నది. దీనికి ప్రత్యామ్నాయంగా స్టీవ్ కోస్ట్ అనే ఆంగ్లేయుడు 2004లో మొదలుపెట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉన్నది. విజ్ఞానసర్వస్వం వికీపీడియా వలెనే ఈ పటాన్ని స్వచ్ఛంద కార్యకర్తలు గీస్తున్నారు. దీని ఆధారంగా 2021లో వచ్చిన ఆర్గానిక్ మ్యాప్స్ అనే యాప్‌లో కావలసిన ప్రాంతపు పటాన్ని ఒకసారి దించుకుంటే నెట్ లేకుండానే దారి చూపుతుంది. ఘాట్ రోడ్డులో సిగ్నల్ అందని చోట దీని విలువ తెలుస్తుంది. నగరంలో ఏ కూడలి వద్ద వాహనాలు నిలిచిపోయాయో మాత్రం ఇది చెప్పలేదు. మన పల్లెల సందులు, చెరువుగట్లు ఇందులో చాలావరకు ఇంకా చేరలేదు. చేర్చడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. తమ ఊరి బడిని, గుడిని, బస్సు ఆగే చోటును విద్యార్థులే పటంలో గుర్తించవచ్చు.

తెలుగువారు ప్రత్యేకంగా శ్రద్ధ వహించవలసినది కీబోర్డు విషయంలో. ఫోనులో తెలుగు రాయాలన్న ఉత్సాహంతో, ఎవరు తయారుచేశారో చూడకుండా ఏదో ఒక కీబోర్డు యాప్‌ను దించుకొనేవారు కోకొల్లలు. తక్కిన యాప్‌లు తమ లోపల జరిగేది మాత్రమే చూస్తాయి. కీబోర్డు అన్ని యాప్‌లలోనూ టైపు చేసే ప్రతి అక్షరం గుండా వెళుతుంది. కొసనుంచి కొసకు తాళం వేసే సందేశం కూడా తాళం పడకముందు కీబోర్డు మీదనే పుడుతుంది. 2017 డిసెంబరులో ‘ఏఐ.టైప్’ అనే కీబోర్డు యాప్‌కు చెందిన 3.1 కోట్లమంది వివరాలు, కాపలా లేని సర్వరులో బయట పడి ఉన్నట్లు తేలింది. వాటిలో వినియోగదారుల ఫోన్లనుంచి తీసుకున్న పేర్ల పట్టికలు కూడా ఉన్నాయి. కేరళకు చెందిన స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ అనే స్వచ్ఛంద బృందం తయారుచేసిన ఇండిక్ కీబోర్డులో తెలుగు కూడా ఉన్నది. దాని మూలసంకేతం అందరికీ తెరచి ఉంచారు. హెలీబోర్డు అనే మరో కీబోర్డు ఇంటర్నెట్ అనుమతినే కోరదు. ఇల్లు దాటే దారి లేని చిలుక ఎంత విన్నా ఎవరికి చెప్పగలదు? మాటను ముందుగా ఊహించి అందించే నేర్పు వీటికి తక్కువే. కొన్నాళ్లు వేళ్లు తడబడతాయి, అలవాటు కావాలి.

కొన్ని సందర్భాలలో కొత్త యాప్ అవసరమే ఉండదు. కాగితాలను ఫొటో తీసి ఫైళ్లుగా మార్చే క్యామ్‌స్కానర్‌లో, ప్రకటనల కోసం పొదిగిన భాగం ద్వారా హానికర సంకేతం చొరబడిందని 2019 ఆగస్టులో క్యాస్పర్‌స్కీ సంస్థ కనిపెట్టింది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 చైనా యాప్‌లలో అది కూడా ఒకటి. ఆ రాత్రికి రాత్రే మరొక స్కానర్ యాప్‌ను వెతుక్కున్నవారిలో ఎందరు దాని అనుమతులను చదివి ఉంటారు! ఐఫోనులోని నోట్సు యాప్‌లో 2017 నుంచే స్కానింగు సదుపాయం ఉన్నది. అనేక ఆండ్రాయిడ్ ఫోన్ల కెమెరాలోనూ ఇది ఇమిడి ఉంటుంది. మార్కుల జాబితాను, ఆధార్ కార్డును స్కాన్ చేయడానికి ఊరు తెలియని యాప్‌ను ఇంట్లోకి పిలవనక్కరలేదు.

చెల్లింపుల విషయంలో ఇంతటి స్వేచ్ఛ లేదు. యూపీఐ ద్వారా వెళ్లే ప్రతి రూపాయి బ్యాంకు ఖాతాలో నమోదు అవుతుంది. ఏ యాప్ వాడినా ఇది తప్పదు. జాతీయ చెల్లింపుల సంస్థ 2016 డిసెంబరులో తెచ్చిన భీమ్ యాప్‌ను ఎంచుకుంటే నడుమ ఉన్న వ్యాపార సంస్థ ఒకటి తగ్గుతుంది, అంతే. జాడ మిగలని చెల్లింపు నేటికీ నోటూ చిల్లరే.

మార్పు ఒక్కనాట జరగవలసిన పని లేదు. కీబోర్డు, బ్రౌజరు మార్చడానికి మరొకరి సమ్మతి అవసరం లేదు కనుక వాటితో ఆరంభించడం సుకరం. సందేశాల యాప్‌కు నలుగురు మిత్రులు తోడు రావాలి. పాత యాప్‌ను వదిలేటప్పుడు చాలామంది ఒక పొరపాటు చేస్తారు. తెరమీది బొమ్మను తొలగించి, పని పూర్తయిందని భావిస్తారు. యాప్ పోతుంది, ఖాతా పోదు. అంతవరకు సేకరించిన వివరాలు సంస్థ సర్వర్లలోనే ఉంటాయి. ముందుగా ముఖ్యమైన ఫొటోలను, సందేశాలను భద్రపరచుకొని, యాప్ లోపలి సెట్టింగులలో ఖాతాను తొలగించమని కోరి, ఆ పిమ్మటనే యాప్‌ను తీసివేయాలి. ఖాతా తెరిపించే యాప్ దానిని తొలగించే మార్గం కూడా చూపాలని ఆపిల్ 2022 నుంచి నియమం పెట్టింది. గూగుల్ 2023లో ప్రకటించిన నియమం ప్రకారం ఆ మార్గం వెబ్‌లో కూడా ఉండాలి. కనుక యాప్‌ను ఏనాడో తీసివేసినవారు సైతం ఆ వెబ్ పుటకు వెళ్లి, మిగిలిపోయిన తమ ఖాతాను తొలగించమని కోరవచ్చు.